వేటకు తెచ్చిన మందను వేట అదుపు చేస్తుందా?

పొలం – అడవి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో చుక్కల దుప్పి గురించి రాసిన నాలుగు మాటలకు ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. తిప్పి తిప్పి ఎక్కువమంది అడిగింది ఒకటే: బయటి జంతువులను తెచ్చి వేటకు వదిలితే వచ్చే నష్టమేమిటి? ఆ కోవలోని ఉత్తరాలే ఈసారి.

సార్, మా బావ అమెరికాలో టెక్సాస్‌లో ఉంటాడు. ఆడ రాంచుల్లో, అంటే పెద్ద పశువుల ఫారాల్లో, మన కృష్ణ జింకల్ని, దుప్పుల్ని పెంచి, దుడ్లిచ్చినోళ్ల చేత వేటాడిస్తారంట. మాకు హైవే దగ్గర ముప్పై ఎకరాల రాళ్లనేల ఉంది, పంటకు పనికిరాదు. చుట్టూ కంచె వేసి అట్లాంటిదే ఈడ పెడితే ఎట్లుంటుంది? మన జంతువులు కూడదంటే విదేశీవే తెస్తాం.
– వి.ఆర్., ఓర్వకల్లు

మీ బావగారు చెప్పింది నిజమే. 1930ల మొదట్లో కృష్ణ జింక, చుక్కల దుప్పి టెక్సాస్ చేరాయి. అంతకు కాస్త ముందే, 1920ల్లో, దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్ నీల్గాయ్ (మనుబోతు)‌లను తెప్పించింది. అక్కడ ఇలాంటి విదేశీ జంతువు కంచె లోపల ఉన్నంతకాలం భూమి యజమాని సొత్తు. ఫలానా నెలల్లోనే వేటాడాలన్న నియమం లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. మన దగ్గర అడవి జంతువు ఎవరి చేలో నిలబడినా అది ప్రభుత్వ సొత్తు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. కృష్ణ జింక మొదటి షెడ్యూల్‌లో ఉంది కాబట్టి దాన్ని చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. దుప్పులను ఊరికే చూడ్డానికి పెంచుకుందామన్నా ప్రైవేటు వ్యక్తికి కుదరదు. జింకల పార్కు కూడా చట్టం దృష్టిలో జూ కిందికే వస్తుంది, దానికి కేంద్ర జూ అథారిటీ గుర్తింపు ఉండాలి.

విదేశీవి తెస్తామన్నారు. 2022 సవరణతో చట్టంలో 62ఎ సెక్షన్ చేరింది. ఇక్కడి వన్యప్రాణులకు ముప్పు తెచ్చే పరాయి జాతుల దిగుమతి, అమ్మకం, పెంపకం, వ్యాప్తి – వీటిలో దేన్నైనా కేంద్రం ఆపేయవచ్చు. నాలుగో షెడ్యూల్‌లోని విదేశీ జంతువు మీ దగ్గర ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ఇవన్నీ దాటొచ్చినా అసలు పని దగ్గర ఇరుక్కుంటారు. బంధనంలో ఉన్న జంతువును కాల్పుల పోటీ కోసం వదలడం, అందులో పాల్గొనడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కిందే నేరం. అందుకని ఈ ఆలోచన మానుకోమనే మా సలహా.

చట్టం సంగతి అటుంచి కంచె లెక్క కూడా చూడండి. ముప్పై ఎకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 1,400 మీటర్లు. దుప్పి దూకకుండా ఉండాలంటే ఎనిమిది అడుగుల ఎత్తు కావాలి, మూడు మీటర్లకో స్తంభం చొప్పున 460 పైచిలుకు స్తంభాలు పడతాయి. అంత కట్టినా కంచె తెగేది పైన కాదు, కిందే. నీల్గాయ్ కంచెను దూకే కష్టం పెట్టుకోదు, అడుగున తోసుకుని దారి చేసుకుంటుంది. కృష్ణ జింక కూడా వీలైతే కిందినుంచే దూరుతుంది. ఇక మన నేలల్లో వంక దాటేచోట కంచె నిలవదు. ఏడాదంతా ఎండి ఉండే వంకకు ఒక్క రాత్రి నీళ్లొస్తే కంపా కట్టెలూ కొట్టుకొచ్చి వలకు అడ్డంపడి పదిపదిహేను గజాలు పడుకోబెట్టేస్తాయి. తెల్లారేసరికి మంద బయట ఉంటుంది. ఎక్కడ పెట్టిన వేట రాంచైనా తప్పించుకున్న జంతువులు ఇలాంటి సందులోంచే పోతాయి.

మేత ఖర్చు మరొకటి. యాభై కిలోల దుప్పి రోజుకు కిలోన్నర దాకా ఎండుమేత తింటుంది. యాభై దుప్పులకు రోజుకు 75 కిలోలు, ఏడాదికి 27 టన్నులు. రాళ్లనేల అంత ఇవ్వదు, కొనాలి. ఈము పక్షుల వ్యాపారం మునిగినప్పుడు ఏమైందో మన రైతులకు గుర్తుండే ఉంటుంది. మేత భారమైన చోట పక్షులను వదిలేశారు. ఆస్ట్రేలియా పక్షి ఇక్కడ మందలు కట్టలేదు కాబట్టి బతికిపోయాం. దుప్పుల విషయంలో ఆ అదృష్టం ఉండదు.

టెక్సాస్ కూడా ఊరికే లాభం తినడం లేదు. అమెరికా పశువులకు ప్రాణాంతకమైన జ్వరం తెచ్చే పిడుదులను ఏళ్ల తరబడి శ్రమించి 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ మినహా దేశమంతటా నిర్మూలించారు. ఇప్పుడు ఆ పిడుదులను మోసుకుని కంచెలు దాటుతున్నది దక్షిణ టెక్సాస్ నీల్గాయే. ఆవును పట్టి మందు తొట్టిలో ముంచవచ్చు, నీల్గాయ్‌ని ముంచేదెవరు?

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. పాకిస్తాన్‌లో కృష్ణ జింక అంతరించాక, 1970లో మళ్లీ మంద కట్టడానికి జింకలు వెళ్లింది టెక్సాస్ నుంచే. రాంచుల వాళ్లు ఈ కథ గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోదగ్గదే. అయితే అది నిల్వకు పనికొచ్చిన సందర్భం. నిల్వ కోసమే అయితే జంతుప్రదర్శనశాల చాలు, దానికి వేట అక్కర్లేదు.

అండమాన్‌లో దుప్పులు అడవిని తినేస్తున్నాయని చదివాను. అదే దుప్పి మన లంకమలలో, నల్లమలలో ఎప్పటి నుంచో ఉంది కదా, ఇక్కడి అడవికి ఏమీ కాలేదెందుకు?
– డిగ్రీ విద్యార్థిని, కడప

చాలా మంచి ప్రశ్న. అండమాన్‌కు దుప్పులను తెచ్చింది బ్రిటిష్ అధికారులు, గత శతాబ్దం మొదటి దశాబ్దాల్లో, వేట వినోదానికి. అక్కడ చిరుత లేదు, పులి లేదు, రేచుకుక్క లేదు. అడవిపందిని మించిన పెద్ద క్షీరదమే ఆ అడవులకు తెలియదు. దుప్పి ఈదగలదు కాబట్టి ఒక దీవిలో నిండాక పక్క దీవికి చేరింది.

మన దగ్గర దుప్పి పిల్లను నక్క ఎత్తుకుపోతుంది, ఎదిగినదాన్ని చిరుత, రేచుకుక్కల గుంపు పడతాయి, నల్లమలలో పులి సరేసరి. వీటికి భయపడి మంద ఒకేచోట రోజులకు రోజులు నిలవదు, కాబట్టి ఒక పొదను మొదలంటా మేయదు. ఇది సగం కారణమే.

మిగతా సగం చెట్లలో ఉంది. లంకమల అంచున రేగు, బలుసు, కలివి, చండ్ర, తుమ్మ చూడండి. ముళ్లు, వగరు, గట్టి ఆకు. మేసే నోళ్ల మధ్య లక్షల ఏళ్లు బతికిన చెట్లకు అవి వచ్చాయి. మేసే జంతువే లేని దీవుల్లో మొక్కకు ఆ అవసరం రాలేదు. అక్కడికి దుప్పిని వదిలితే నేల నుంచి దాని మెడ అందినంత ఎత్తు దాకా లేత మొక్కలన్నీ పోతాయి. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి దూరం నుంచి అడవి పచ్చగానే కనిపిస్తుంది. పెద్దచెట్టు పడిపోయిన రోజున దాని చోటు తీసుకునే పిల్లచెట్టు మాత్రం ఉండదు. కింది పొదలు పోయేసరికి నేలమీద, పొదల్లో తిరిగే బల్లి జాతులు తగ్గాయని అండమాన్‌లో జరిగిన పరిశీలనల్లో తేలింది. దుప్పి బల్లిని తినదు. దాని నీడను, పురుగులను, దాక్కునే చోటును తింటుంది.

హవాయి దీవుల్లో ఇదే కథ కోర్టుకెక్కింది. మౌనా కియా కొండ మీద మామనె అనే చెట్టు గింజల మీద ఆధారపడి బతికే పలీలా అనే చిన్న పిట్ట ఉంది. వేటకోసం ఉంచిన అడవి గొర్రెలు, మేకలు మామనె మొలకలను నమిలేయడంతో పిట్ట పేరు మీదే దావా వేశారు. వాటిని కొండమీద నుంచి తొలగించాలని 1979లో తీర్పు వచ్చింది. తర్వాత వేటగాళ్ల కోసమే తెచ్చిన మఫ్లాన్ గొర్రెలకూ 1986లో అదే తీర్పు.

సంఖ్య పెరిగితే వేటగాళ్లకు ఇంకా ఎక్కువ అనుమతులు ఇస్తే అయిపోతుంది కదా! తెచ్చిందే వేటకు. దీన్ని ఇంత పెద్ద సమస్య చేస్తారెందుకు?
– ఎం.ఎస్., ధర్మవరం

చాలామంది ఇక్కడే పొరబడతారు. కాగితం మీద లెక్క వేద్దాం. మంద ఏడాదికి నాలుగోవంతు పెరుగుతుందనుకోండి. దుప్పి ఏడాది పొడవునా ఈనగలదు, చూలు ఎనిమిది నెలల లోపే, కాబట్టి మేత దండిగా ఉండి శత్రువు లేనిచోట ఇది అసాధ్యమైన వేగమేమీ కాదు. పది దుప్పులు వదిలితే పదేళ్లకు తొంభై. ఎవరికీ పట్టదు, పైగా అడవికి కళ వచ్చిందంటారు. ఇరవై ఏళ్లకు దాదాపు 870. ముప్పై ఏళ్లకు ఎనిమిది వేలు దాటుతాయి.

ఇప్పుడు దాన్ని ఎనిమిది వేల దగ్గర ఆపాలి. ఏడాదిలో అవి పది వేలవుతాయి, అంటే ప్రతి ఏడూ రెండు వేలు తీయాలి. ఐదింట ఒకటి. ఒక్క ఏడాది తప్పితే మరుసటి ఏడాది బాకీ కలిపి తీయాలి. ఆ రెండు వేలల్లోనూ ఆడవి సగానికి తగ్గకూడదు. కాసులు చెల్లించి వచ్చిన వేటగాడికి కావలసింది కొమ్ములు. అతను మగదాన్నే కొడతాడు. ఒక మగ దుప్పి చాలా ఆడవాటిని కట్టగలదు కాబట్టి మగవాటిలో సగం పోయినా వచ్చే ఏడు పిల్లల సంఖ్య ఇంచుమించు తగ్గదు. పైగా పోయిన వాటి మేత మిగిలిన చూలు దుప్పులకు దక్కి పిల్లలు ఇంకా బాగా బతుకుతాయి. వేట ఎక్కువవుతుంది, మంద తగ్గదు.

రోడ్డు అందిన లోయలో వేట ఎక్కువ, మూడు కొండల అవతల సున్నా. అక్కడినుంచి మంద మళ్లీ ఇటు నిండుతుంది. మంద తగ్గిపోవడం వేటగాడికి ఇష్టమూ ఉండదు, వచ్చే ఏడు తనకు దొరకాలి కదా.

న్యూజిలాండ్ చరిత్ర ఇదే. గబ్బిలాలు తప్ప సొంత నేల క్షీరదమే లేని దేశం. 1850ల నుంచి ఎర్ర జింకలను, 1904లో మన హిమాలయ తార్ మేకలను, 1907లో ఆస్ట్రియా చక్రవర్తి కానుకగా షామీ అనే ఐరోపా కొండమేకలను తెచ్చి కొండల్లో వదిలారు. మొదట్లో చట్టం పెట్టి మరీ కాపాడారు. కొండచరియల మీద గడ్డి పోయి మట్టి జారడం మొదలయ్యాక 1930లో రక్షణ ఎత్తేసి, జీతానికి కాల్చే మనుషులను పెట్టారు. జింకల సంఖ్యను నిజంగా దించింది వేటగాళ్లూ కాదు, ఆ జీతగాళ్లూ కాదు. 1960ల నుంచి మాంసం ఎగుమతికి ధర పలికి, వ్యాపారులు హెలికాప్టర్లలోంచి ఆడా మగా చూడకుండా కాల్చడం మొదలుపెట్టాకే సంఖ్య పడిపోయింది. తార్ మేకల విషయంలో 1993 ప్రణాళిక పదివేలకు మించకూడదంది. ఆ అంకె దాటాక ప్రభుత్వం కాల్పులు పెంచబోతే 2020లో వేటగాళ్ల పక్షాన కోర్టుకెళ్లారు. తగ్గించేవాళ్ల మీద దావా వేసింది వేటనే కోరేవాళ్లని గమనించండి.

మా చేలో పడే అడవిపందులు కూడా ఎవరో వేటకు తెచ్చినవేనా?
– తలుపుల మండలం నుంచి ఒక రైతు

కాదు, ఇవి ఇక్కడివే. వేటకు పందిని తెచ్చి చేతులు కాల్చుకున్నది అమెరికా: నార్త్ కరోలినాలో 1912లో కంచెలో పెట్టిన ఐరోపా పందులు బయటపడి, ఊరపందులతో కలిసిపోయాయి. మీ పంట నష్టానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతితోనే పందిని చంపవచ్చు. కరెంటు తీగ మాత్రం పెట్టొద్దు. పంది కంటే ముందు పక్క చేను మనిషి పోతాడు.

అయ్యా, మేం ఇరవై తెల్ల కుందేళ్లతో షెడ్డు పెట్టినాం, గిట్టుబాటు కాలేదు. అమ్ముదామంటే కొనేవాళ్లు లేరు. కొండలో వదిలిపెడదాం, పిల్లోళ్లకు వేటకైనా పనికొస్తాయంటే మా అన్న ఆస్ట్రేలియా గతి పడుతుందంటాడు. నిజంగానా?
– పులివెందుల

మీ అన్నగారి భయం పూర్తిగా నిజం కాదు, మీ ఆలోచన అంతకంటే మంచిది కాదు.

ఆస్ట్రేలియాకు మొదటి కుందేళ్లు 1788లోనే ఓడల్లో వచ్చాయి. అవి పెంపుడువి, డెబ్బై ఏళ్ల పాటు పెద్దగా ఎక్కడికీ పాకలేదు. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేటకోసం ఇంగ్లండ్ నుంచి రెండు డజన్ల కుందేళ్లు తెప్పించి విక్టోరియాలోని తన బార్వన్ పార్క్‌లో ఉంచాడు. వాటిలో పొలాల్లో పట్టిన అడవి రక్తం ఉంది. ఖండమంతా కమ్మేసింది ఆ సంతతేనని 2022లో వచ్చిన జన్యు పరిశోధన తేల్చింది. పడమటి ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా కంచె కట్టారు, అది పూర్తయ్యేలోపే కుందేళ్లు అవతల ఉన్నాయి. 1950లో మిక్సోమా వైరస్ వదిలితే మొదట నూటికి తొంభై తొమ్మిదికి పైగా చచ్చాయి. మిగిలిన ఒకటి తట్టుకునే రకం. దాని పిల్లలూ అంతే.

గుర్రాల మీద కుక్కలతో తరిమే వినోదానికి అక్కడే ఎర్ర నక్కనూ తెచ్చారు. కుందేలు దండిగా దొరకడంతో నక్కలు పెరిగాయి. కుందేలు తగ్గిన ఏడు అవి స్థానిక చిన్న జంతువుల మీద పడ్డాయి. ఒక పరాయి జంతువు మరో పరాయి జంతువుకు మేతగా మారి, ఇంటి జంతువుకు ప్రాణాంతకమైంది. ఇలా జతకలిసిన దెబ్బ విడి విడి దెబ్బల కంటే పెద్దది.

ఇక మీ కుందేళ్లు. తెల్ల రంగు, మనిషంటే భయం లేదు, ఎండకు తట్టుకోలేవు. 30 డిగ్రీలు దాటితేనే మగ కుందేలు వీర్యం దెబ్బతింటుంది. పులివెందుల మే నెల ఎండ సంగతి మేం చెప్పాలా? చాలావరకు వారం లోపే కుక్కలకో, డేగలకో, అడవిపిల్లికో పోతాయి. షెడ్డు నుంచి మోసుకెళ్లే గజ్జి, కడుపు పురుగులు మాత్రం కొండలో మిగులుతాయి. మన చెవులపిల్లి (అడవి కుందేలు) వేరే జాతి, దానికి మీ కుందేలుతో జతకట్టడం కుదరదు గాని ఒకే గడ్డి మేస్తాయి, జబ్బు అంటే చాన్సుంది. ఆ పేరుతో పిల్లలు కుక్కలను తీసుకుని కొండెక్కితే దొరికేది చెవులపిల్లే, అప్పుడు కేసు మీ పిల్లల మీద.

చేయవలసింది: ముందు ఆడా మగా వేరు చేయండి, కుందేలు చూలు నెలరోజులే కాబట్టి ఈ పని ఈరోజే. పశువైద్యుడికి చూపించి చర్మం, చెవులు బాగున్నవాటిని పెంపకందార్లకు లేదా మాంసానికి అమ్మండి. జబ్బువాటిని ఆయన చేతిలోనే పెట్టండి. చచ్చినవాటిని మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి, వంకలో పారేయొద్దు.

మా వైపు కముజు పిట్టలు బాగా తగ్గిపోయాయి. ఫారం కౌజు పిల్లలు కొని చేలల్లో వదిలితే మళ్లీ పెరుగుతాయా? ఇంగ్లండులో ఫెజెంట్ పిట్టలను వేటకు ఇట్లాగే వదులుతారట.
– ఉరవకొండ

ఇంగ్లండులో వదిలేది కోట్లలో, ఏటా. ఏటా వదలాల్సి వస్తోందంటే అవి నిలవడం లేదని అర్థం.

మీరు కొనే ఫారం పక్షి జపాన్ కౌజు. ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుంది, కానీ తరతరాలుగా ఇంక్యుబేటర్‌లో పొదిగించడంతో పొదిగే గుణం ఇంచుమించు పోయింది. చేలో గుడ్డు జారవిడిచి పోతుంది. గద్దను చూసి అణగడం తెలియదు. మూడు నాలుగు రోజుల్లో చాలావరకు పోతాయి. కొన్ని బతికితే నష్టం అక్కడ మొదలవుతుంది. చలికాలంలో ఉత్తరం నుంచి వలస వచ్చే పూరేడు పిట్టతో ఇది జతకట్టగలదు. పుట్టిన సంకర పిట్టకు వలస వెళ్లే గుణం సరిగా ఉండదు. ఐరోపాలో ఈ తంటా చూశారు. అక్కడి ఎర్రకాళ్ల కముజు రక్తంలో వేటకోసం వదిలిన చుకార్ అనే మరో రకం కముజు రక్తం కలిసి, స్వచ్ఛమైన పిట్ట ఎక్కడుందో జన్యు పరీక్ష చేస్తేగాని తెలియని స్థితి వచ్చింది. ఫారం నుంచి కొక్కెర తెగులు ఊరి కోళ్లకు రావడం అదనం.

కముజును పెంచాలంటే పిట్టను కాదు, గట్టును చూడండి. అది ఎక్కువగా వేసవి నుంచి వానలు ముగిసేదాకా గట్టు గడ్డిలో, కంప కింద నేలమీదే గుడ్లు పెడుతుంది. సరిగ్గా ఆ వేసవిలోనే మనం గట్లకు నిప్పు పెడతాం. గట్టుకు రెండు వైపులా మీటరు వెడల్పు గడ్డి వదిలి, కాల్చకుండా, కలుపుమందు కొట్టకుండా ఉంచండి. పొదిగిన పిల్లలకు మొదటి రెండు మూడు వారాలు గింజ కాదు, పురుగు కావాలి. అందుకని గట్టును ఆనుకున్న నాలుగు సాళ్లకు ఆ రోజుల్లో పురుగుమందు తప్పించండి. జొన్న, కొర్ర కోసేటప్పుడు చివరి రెండు సాళ్లు నిలబెట్టండి. శనక్కాయ తీసిన వెంటనే నేలంతా దున్నకుండా ఒక మూల వదిలితే చాలు. ఊరి కుక్కలను రాత్రి కట్టేయడం, ఉచ్చులు కనిపిస్తే తీసేయడం మీరొక్కరే చేస్తే సరిపోదు, పక్క చేలవాళ్లతో మాట్లాడాలి. నాలుగైదు చేలు కలిస్తే పొద్దున్నే మళ్లీ కూత వినిపిస్తుంది.

రోళ్లపాడు జింకలు మా మొక్కజొన్న, కంది తినేస్తున్నాయి. వాటిని పట్టి కడప అడవుల్లో వదిలితే అక్కడ వన్యప్రాణి పెరుగుతుంది, మాకూ పీడ పోతుంది. ఎందుకు చేయరు?
– మిడుతూరు ప్రాంత రైతులు

మీ కోపం న్యాయమైనదే. 1988లో బట్టమేక పిట్ట కోసం 614 హెక్టార్లతో అభయారణ్యం పెట్టారు. ఆ పిట్ట చాలా ఏళ్లుగా కనిపించడం లేదు, కాపాడిన గడ్డిలో కృష్ణ జింక బాగా పెరిగింది. దానికి హద్దురాళ్లు తెలియవు, మీ చేలు పక్కనే ఉన్నాయి.

అయినా కడప లంకమల సరైన చోటు కాదు. కృష్ణ జింకకు దూరం దాకా కనిపించే మైదానం కావాలి, పరుగే దాని రక్షణ. పొదల అడవిలో దానికి కళ్లూ కాళ్లూ రెండూ పనికిరావు. పైగా ఆ పొదల అడవి ఊరికే ఖాళీగా లేదు. 1848లో బ్రిటిష్ వైద్యుడు జెర్డన్ కనుగొన్న కలివి కోడి అనే పిట్ట 1900 తర్వాత జాడ లేకుండా పోయి, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో స్థానిక వేటగాడు ఐతన్న చేతికి చిక్కాక గాని బతికి ఉందని లోకానికి తెలియలేదు. దానికి మరీ గుబురూ కాని, మరీ బోడీ కాని పొదలు, మధ్య మధ్య ఖాళీ నేల ఉండాలి. ఆ కొలత కాస్త అటూ ఇటూ అయినా అది నిలవదు. కొత్త మందను దించితే మేత ఒత్తిడి ఎటు మొగ్గుతుందో ముందుగా చెప్పలేం. జింకలు, పశువులు సర్కారు తుమ్మ కాయ తిని విత్తనాన్ని పేడలో మోస్తాయన్నది మాత్రం తెలిసిన సంగతే. ఆ తుమ్మను దేశంలో మొదట నాటిన చోట్లలో మన కమలాపురం ఒకటి, 1877లో. కట్టెలకు పనికొస్తుందని తెచ్చారు. ఏ చెరువు కట్ట మీద చూసినా ఇప్పుడదే.

పట్టడం కూడా మీరనుకున్నంత తేలిక కాదు. తరిమి పట్టిన జింక కండరాలు విపరీతమైన శ్రమకు, భయానికి చితికిపోతాయి. ఒంటి వేడి పెరుగుతుంది, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది, పట్టినప్పుడు బాగానే ఉన్న జంతువు రెండు మూడు రోజులకో, వారానికో కూలిపోతుంది. అందుకే పట్టాల్సి వస్తే గరాటులా అమర్చిన గుడ్డ తెరల మధ్యకు మెల్లగా నడిపించి, నేరుగా వాహనంలోకి ఎక్కేలా చేస్తారు. చల్లటి వేళ, తక్కువ తరుముతో, కళ్లకు గంతలు కట్టి, పశువైద్యుడి సమక్షంలో. అదీ చట్టం ప్రకారం పైస్థాయి అనుమతి తర్వాతే.

అంతదాకా: సోలార్ కంచె పెడితే కింది తీగ నేలకు అడుగు లోపే ఉండాలి, లేకపోతే జింక కిందినుంచి దూరుతుంది. తీగకు తగిలే గడ్డిని పదిహేను రోజులకోసారి కోయాలి, లేకపోతే కరెంటు నేలలోకి పోయి కంచె ఉత్త తీగవుతుంది. నష్టమైన పంటను వెంటనే ఫొటోలు తీసి, పీకేయకముందే అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. వీఆర్వో, వ్యవసాయ సహాయకుడు చూసి రాసిన నివేదిక లేకుండా పరిహారం కదలదు.

మధ్యప్రదేశ్ కూనో అడవికి తెచ్చిన చీతాలు కూడా బయటి జంతువులే కదా, వాటికి ఈ సూత్రం వర్తించదా?
– ఆదోని

2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలు వచ్చాయి. చీతా ఇక్కడ పూర్వం ఉన్న జంతువు, వచ్చింది ఆఫ్రికా ఉపజాతి. దాని మీద వాదనలున్నాయి. కానీ అది మేసేది కాదు, పట్టేది. మెడలో రేడియో పట్టీ వేసి ఒక్కోదాన్ని విడిగా గమనిస్తున్నారు. వేటకు వదిలిన మందతో పోల్చడం కుదరదు.

మా చెరువులో గాలం వేసేవాళ్లకు పోటీగా ఉంటుందని ఎవరో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లలు వదిలారు. ఇప్పుడు ఆరేడు కిలోలవి పడుతున్నాయి. ఉంచొచ్చా?
– రాయచోటి దారిలోని ఒక ఊరు

ఉంచొద్దు. ఈ చేప పెంపకాన్ని మన దేశంలో నిషేధించారు. గాలి పీల్చగలదు కాబట్టి నీళ్లు చెడినా బతుకుతుంది, తడినేల మీద పాకి పక్క గుంటకు చేరుతుంది. చేపపిల్లలు, కప్పలు, బాతుపిల్లలు ఏదొచ్చినా మింగుతుంది. మన మార్పు చేప అర కిలో దాటడం అరుదు, కాబట్టి ఆరు కిలోలదంటే అనుమానం అక్కర్లేదు. నీలగిరుల్లో దొరల గాలానికి తెచ్చిన ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి కాబట్టి కొండ దిగలేదు, దీనికి ఆ ఇబ్బంది లేదు.

వానలు పడి కలుజు పొర్లేలోపు పని ముగించాలి. పొర్లితే కిందినున్న చెరువులన్నిటికీ పోతుంది. ముందు మత్స్యశాఖకు, పంచాయతీకి రాసిచ్చి, కలుజుకు సన్నకంటి వల కట్టండి. వేసవిలో నీరు తగ్గాక లాగుడు వలతో పట్టినంత పట్టి, బురదలో దాగినవాటి కోసం నీటిని పూర్తిగా తీసేసి అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టండి. మొత్తం ఎండని మడుగు మిగిలితే మీటరు లోతు నీటికి ఎకరాకు 140 కిలోల బ్లీచింగ్ పౌడర్, లేదా టన్ను ఇప్పచెక్క. ఇప్పచెక్క వేస్తే మూడు వారాల దాకా పశువులను దింపొద్దు, కొత్త పిల్లలు వదలొద్దు. గాలి పీల్చే చేప కొంతవరకు మందుకు తట్టుకుంటుంది, కాబట్టి ఎండబెట్టడానికి వీలున్నచోట మందు మీద ఆధారపడకండి. మళ్లీ పిల్లలు కొనేటప్పుడు బొచ్చె, రోహు పిల్లల డబ్బాను పారబోసే ముందు పళ్లెంలో కొన్ని తీసి చూడండి. మీసాలున్నది ఒక్కటి కనిపించినా డబ్బా మొత్తం వెనక్కి పంపండి.